పసలపూడి తెలుసు, పాశర్లపూడి తెలీదు

రెండు ఊళ్లున్నాయి. రెండూ గోదావరి డెల్టావే. పసలపూడి పేరెత్తితే కథలు చదివే ఎవరికైనా వంశీ గుర్తొస్తారు, స్వాతి వారపత్రికలో వచ్చిన ‘మా పసలపూడి కథలు’ గుర్తొస్తాయి. పాశర్లపూడి పేరెత్తితే మాత్రం హైదరాబాదులో మన సాహిత్య మిత్రులు చాలామంది ‘ఆ కథల ఊరే కదా’ అంటారు. కాదండీ. పసలపూడి రామచంద్రపురం వైపు ఉంటుంది. పాశర్లపూడి కోనసీమలో, మామిడికుదురు మండలంలో ఉంటుంది. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి బద్దలై మంటలు లేచాయి. మార్చి 15 దాకా ఆరలేదు. 65 రోజుల పాటు రాత్రనేది లేకుండా మండింది. మన దేశ చమురు రంగ చరిత్రలో అతి పెద్ద బ్లోఅవుట్లలో ఒకటి.

తప్పు వంశీది కాదు. ఆయన తన ఊరి గురించి రాసుకున్నారు, బాగా రాసుకున్నారు. తప్పు మనది. కోనసీమ అనగానే మనకి కొబ్బరితోట, కాలవ గట్టు, పడవ, పూతరేకు, పులస, సంభాషణ చివర ఒక ‘ఆయ్’. ఇంతే. నలభై ఏళ్లకు పైగా అదే నేలలో రిగ్గులు పాతి, గొట్టాలు పరిచి, రాత్రి పూట ఫ్లేర్ మంటతో ఆకాశాన్ని ఎర్రగా చేసే ఒక మహా కంపెనీ మన కోనసీమ బొమ్మలో ఎక్కడా కనిపించదు. ఫొటో తీసేటప్పుడు పక్కకి జరిగి, ఆ చిమ్నీ పడకుండా తీసుకుంటాం చూడండి, అలా.

ఆ కంపెనీ చరిత్ర చదివితే ఒక విషయం మళ్లీ మళ్లీ తగులుతుంది. నూనె, గ్యాసు తీయడంలో అది ఎంత నేర్పు సంపాదించిందో, బాధ్యతని ముక్కలు చేసి పంచేయడంలోనూ మన వ్యవస్థ అంతే నేర్పు సంపాదించింది. మొదట ఒక ముక్క, తర్వాత రెండు, ఇప్పుడు మూడు. నా గొడవ దాని గురించే.

*

మొదట ఆ కంపెనీకి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. ఓఎన్‌జీసీ పుట్టుక నిజంగా గొప్ప కథ. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన చమురు వ్యాపారమంతా బర్మా షెల్, కాల్టెక్స్ లాంటి విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేది. అస్సాం దాటితే ఈ దేశంలో చెప్పుకోదగ్గ చమురు లేదన్నది వాళ్ల ధోరణి. కేంద్రమంత్రి కేశవ్‌దేవ్ మాలవీయ ఆ మాట నమ్మలేదు. సోవియట్, రుమేనియా నిపుణుల సాయం తీసుకున్నాడు. 1955లో ఒక చిన్న డైరెక్టరేట్‌గా మొదలైంది 1956 ఆగస్టు 14న కమిషన్ అయింది. 1958లో కాంబే, 1960లో అంకలేశ్వర్. అంకలేశ్వర్ బావికి నెహ్రూ ‘వసుధార’ అని పేరు పెట్టాడు. 1974లో బాంబే హై. లేదన్నచోట ఉందని నిరూపించిన కంపెనీ అది. ప్రభుత్వ రంగం అంటే వెటకారం చేసేవాళ్లు ఈ నాలుగు తేదీలూ గుర్తుపెట్టుకోవాలి.

గోదావరి డెల్టాకి అది 1970ల చివర్లో దిగింది. నర్సాపురం దగ్గర తవ్వకం, తర్వాత రాజోలు చుట్టుపక్కల గ్యాసు. రాజమండ్రిలో ఆఫీసు, కాలనీ వచ్చాయి. 2001లో తాటిపాకలో ఏడాదికి 66 వేల టన్నుల చిన్న రిఫైనరీ మొదలైంది. ఈ గ్యాసుతో కాకినాడలో యూరియా తయారైంది, విజ్జేశ్వరంలో, జేగురుపాడులో, కొండపల్లిలో కరెంటు తయారైంది. మన ఇళ్లలో వెలిగిన బల్బుల్లో ఆ డెల్టా వాటా ఉంది. దీన్ని ఎవరూ కాదనరు.

కథ మలుపు తిరిగింది 1994లో. ఆ ఫిబ్రవరిలో కమిషన్ కాస్తా కార్పొరేషన్ అయింది. అక్టోబరులో రవ్వ ఒప్పందం జరిగింది. కోనసీమ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రవ్వ క్షేత్రాన్ని 1987లో కనిపెట్టింది ఓఎన్‌జీసీ. జనం డబ్బుతో, తన మనుషులతో కనిపెట్టింది. దాన్ని వీడియోకాన్, కమాండ్ పెట్రోలియం ఉన్న కూటమికి అప్పజెప్పారు. కనిపెట్టిన కంపెనీకి 40 శాతం వాటా మిగిలింది, నడిపే హక్కు పోయింది. వెతకడంలో నష్టభయం ప్రభుత్వానిది, దొరికాక పెత్తనం ఇంకొకరిది. ఈ లెక్క అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. 2017లో గుజరాత్ ప్రభుత్వ కంపెనీ జీఎస్‌పీసీకి మన తీరంలోని దీన్‌దయాళ్ బ్లాకు గుదిబండ అయినప్పుడు దాన్ని 80 శాతం వాటాతో ఓఎన్‌జీసీ నెత్తిన పెట్టారు. 2005లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు ఉందని ఊదరగొట్టిన బ్లాకు అది. 2018 జనవరిలో కేంద్రానికి పెట్టుబడుల ఉపసంహరణ లెక్క కుదరడం కోసం హెచ్‌పీసీఎల్ వాటాని రూ.36,915 కోట్లకు ఓఎన్‌జీసీ చేతే కొనిపించారు, అప్పు తెచ్చి మరీ. ప్రభుత్వం ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకుంది.

ఇవన్నీ ఇంగ్లిషు పేపర్ల బిజినెస్ పేజీలో బాగానే వచ్చాయి. రానిది కింది కథ.

*

గ్యాసు బావి ఎలా తవ్వుతారో మనకి కొంచెం తెలిసి ఉండాలి. తెలియకపోతే ‘ప్రమాదం’ అన్న మాట దగ్గరే ఆగిపోతాం. రెండు మూడు కిలోమీటర్ల లోతుకి నేలను తొలుచుకుంటూ పోతారు. లోపలి గ్యాసు ఒత్తిడిని అదిమి ఉంచడానికి మందులు కలిపిన బరువైన బురదని పంపుతుంటారు. బురద బరువు చాలకపోతే గ్యాసు పైకి తంతుంది. అప్పుడు ఆపడానికి బావి మూతి మీద పెద్ద పెద్ద కవాటాల దొంతర ఉంటుంది. అదీ పని చేయకపోతే బ్లోఅవుట్. అంటే అది పిడుగులా ఆకాశంలోంచి ఊడిపడేది కాదు. బురద బరువు ఎంతుండాలో ఎవరో ఒకరు లెక్కేస్తారు. కవాటం పనిచేస్తోందో లేదో ఎవరో ఒకరు చూడాలి.

1995లో పాశర్లపూడి-19 బావి మీద మనిషి ప్రాణం పోలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. అమెరికా నుంచి నిప్పులార్పే బృందాన్ని పిలిపించారు. అప్పట్లో జనం దూరం నుంచి ఆ మంటని చూడటానికి వెళ్లేవారు, తిరునాళ్లకి వెళ్లినట్టు. అయితే అప్పుడు ఎవరిని అడగాలో మాత్రం అందరికీ తెలుసు. బావి ఓఎన్‌జీసీది, మంట ఓఎన్‌జీసీది, జవాబూ ఓఎన్‌జీసీదే. బాధ్యత ఒక్క ముక్కగా ఉన్న చివరి రోజులవి.

2014 జూన్ 27. రాష్ట్రం విడిపోయి పాతిక రోజులు. మనమంతా రాజధాని ఎక్కడ అని కొట్టుకుంటున్నాం. అదే మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో గెయిల్ గ్యాసు గొట్టం పేలింది. తాటిపాక నుంచి కొండపల్లిలోని లాంకో విద్యుత్ కేంద్రానికి వెళ్లే 18 అంగుళాల గొట్టం అది. జనం ఇంకా నిద్రలోనే ఉన్నారు. ఇళ్లలో ఉన్నవాళ్లు ఇళ్లలోనే కాలిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. కొందరు అక్కడికక్కడే, కొందరు ఆసుపత్రుల్లో, మొత్తం ఇరవై మందికి పైగా చనిపోయారు.

మొదటి రోజుల్లో ఏం విన్నామో గుర్తుందా? టీ కొట్టులో పొయ్యి వెలిగించారట, అందుకే అంటుకుందట. పొద్దున్నే పొయ్యి వెలిగించడం ఆ దేశంలో, ఈ దేశంలో, ఏ దేశంలోనైనా టీ కొట్టు చేసే పని. పొయ్యి దాకా గ్యాసు ఎందుకొచ్చింది అన్నది కదా అడగాల్సింది? లీకుల గురించి ముందే చెప్పామని ఊరివాళ్లు మొత్తుకున్నారు. చివరికి కేంద్రం వేసిన కమిటీయే అసలు సంగతి తేల్చింది. ఆ గొట్టం పొడి గ్యాసు కోసం వేసింది. అందులో వెళ్తున్నది నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాసు. ఆ తేమ ఇనుముని లోపల్నుంచి తినేస్తుంది. గ్యాసులో తేమ తీసేయడానికి డీహైడ్రేషన్ యూనిట్ అని ఒకటి పెట్టాలి. పెట్టలేదు. అంతే. పద్దెనిమిది అంగుళాల ఇనుప గొట్టాన్ని తడి తినేస్తుందన్న సంగతి తెలియడానికి ఐఐటీ అక్కర్లేదు. కోనసీమలో ఏ ఇంటి గేటుని చూసినా తెలుస్తుంది.

ఇక్కడే రెండో ముక్క మొదలైంది. తడి గ్యాసు ఇచ్చింది ఓఎన్‌జీసీ. మోసింది గెయిల్. ‘తేమ తీసి ఇవ్వాల్సింది వాళ్లు’ అని ఒకరు, ‘తీసుకున్నాక చూసుకోవాల్సింది వీళ్లు’ అని ఇంకొకరు అనడానికి మధ్యలో ఖాళీ దొరికింది. ఇద్దరూ ఒకే మంత్రిత్వ శాఖ కిందివాళ్లు. విచారణ చేసిందీ ఆ శాఖ వేసిన కమిటీయే. కొంతమంది అధికారులని సస్పెండ్ చేశారు. చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి గెయిల్, రాష్ట్రం, కేంద్రం కలిపి రూ.25 లక్షలు ప్రకటించారు. అది కూడా మూడు ముక్కలే, చూడండి.

ఇక మూడో ముక్క. 2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండ దగ్గర మోరి-5 బావి నుంచి గ్యాసు ఎగజిమ్మి మంటలు లేచాయి. ఊళ్లు ఖాళీ చేయించారు, కొన్ని రోజుల పాటు మండింది. బావి ఓఎన్‌జీసీది. అక్కడ పని చేస్తున్నది మాత్రం ఉత్పత్తి పెంచే కాంట్రాక్టు తీసుకున్న డీప్ ఇండస్ట్రీస్ అనే ప్రైవేటు సంస్థ. ఇప్పుడు ఊరివాడు ఎవరి గుమ్మం దగ్గర నిలబడాలి? పాశర్లపూడి మంటకి ముప్పై ఒక్క ఏళ్లు నిండటానికి మూడు రోజుల ముందు జరిగింది ఇది. ఈ ముప్పై ఏళ్లలో బావి లోతు పెరిగింది, యంత్రాలు మారాయి. ఊరివాడికి తెలిసింది మాత్రం పెరగలేదు. శబ్దం వినిపిస్తే పరిగెత్తడం, పోలీసు మైకు చెప్తే ఇల్లు వదలడం, మంట ఆరాక తిరిగొచ్చి చెట్లు లెక్కపెట్టుకోవడం. అంతే.

*

ఈ గొట్టాల కింద ఒక చట్టం కూడా పాతిపెట్టి ఉంది. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైప్‌లైన్ల చట్టం. దాని ప్రకారం రైతు భూమిని కొనక్కర్లేదు. ‘వాడుకునే హక్కు’ తీసుకుంటే చాలు. నేల రైతుదే, పాసుపుస్తకం రైతుదే, శిస్తు రైతుదే. కింద గొట్టం మాత్రం కంపెనీది. ఆ హక్కుకి ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంటకి నష్టం జరిగితే అది వేరు. ఆ పట్టీ మీద రైతు ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. చెట్టు నాటకూడదని కోనసీమ రైతుకి చెప్పడం అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. అక్కడ కొబ్బరిచెట్టు అంటే ఆస్తి, పింఛను, ఆడపిల్ల పెళ్లి.

సరే, పదోవంతు ధర తీసుకున్నాడు, చెట్టు వదులుకున్నాడు. బదులుగా తన నేలలో ఏం పారుతోందో, ఎంత ఒత్తిడిలో పారుతోందో, ఆ గొట్టం వయసెంతో, చివరిసారి ఎప్పుడు చూశారో అతనికి తెలియాలా వద్దా?

వద్దనే వాళ్లకి ఒక పోలిక చెప్తాను. ఇదే తీరంలో, సముద్రం అడుగున, రిలయన్స్ బ్లాకూ ఓఎన్‌జీసీ బ్లాకూ పక్కపక్కనే ఉన్నాయి. మా గ్యాసు వాళ్ల బావుల్లోకి పోతోందని ఓఎన్‌జీసీ కోర్టుకెక్కింది. అంతర్జాతీయ నిపుణులు లెక్కేసి 2015లో చెప్పారు: 11.122 వందల కోట్ల ఘనపుమీటర్ల గ్యాసు అటు జరిగిందని. దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలతో! జస్టిస్ ఎ.పి. షా కమిటీ కూర్చుంది. 2016లో కేంద్రం 155 కోట్ల డాలర్లు కట్టమంది. 2018లో మధ్యవర్తుల తీర్పు రిలయన్స్ వైపు వచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ గొడవలో ఎవరు గెలవాలన్నది నా విషయం కాదు. సముద్రం అడుగున, రాతి పొరల్లో, కంటికి కనిపించని గ్యాసు ఒక గీత దాటితే మూడో దశాంశం దాకా లెక్క తీయగల దేశం మనది. నగరం ఊళ్లో నేలకి నాలుగడుగుల లోపల వెళ్తున్న గొట్టంలో తడి ఉందో లేదో చూడలేకపోయింది. చేతకాక కాదు. అడిగేవాడు లేక.

*

ఈ మాటలంటే నాలుగు వైపుల నుంచీ అభ్యంతరాలొస్తాయి. తెలుసు.

ఎడమ వైపు మిత్రులు ‘ప్రభుత్వ రంగాన్ని తిడితే ప్రైవేటు వాళ్లకి పండగ’ అంటారు. రవ్వ దగ్గర్నుంచి చూస్తే ఆ భయం నిజమే. కానీ జవాబు చెప్పని ప్రభుత్వ రంగాన్ని జనం ఎందుకు కాపాడుకోవాలి? అమ్మకానికి పెట్టిన రోజున ఊరు అడ్డం నిలబడాలంటే అంతకుముందు ఊరితో ఏదో ఒక బంధం ఉండాలి కదా. ఊరికి జవాబు చెప్పడమే ప్రభుత్వ రంగానికి అసలు రక్షణ.

కుడి వైపు వాళ్లు ‘అభివృద్ధి కావాలా వద్దా’ అంటారు. డీహైడ్రేషన్ యూనిట్ పెట్టమనడం అభివృద్ధికి అడ్డం ఎలా అవుతుందో వాళ్లే చెప్పాలి.

మన ప్రాంతాభిమానులు ‘మన గ్యాసు గుజరాత్‌కి తరలించుకుపోయారు’ అంటారు. కాకినాడ నుంచి భరూచ్ దాకా ఉన్న గొట్టం అబద్ధం కాదు, వాటా అడగడం తప్పూ కాదు. అయితే ఈ వాదనలో డెల్టా మనిషి ఎక్కడున్నాడు? నగరంలో పేలిన గొట్టం గుజరాత్ వెళ్లేది కాదు. కొండపల్లి వెళ్లేది. మనకోసం వెళ్లేది. ‘మన గ్యాసు’ అన్నప్పుడు ఆ ‘మన’లో మామిడికుదురు మండలం ఉందా అని నా అనుమానం.

ఇక నాలుగో అభ్యంతరం మన ఇంట్లోదే. ‘గ్యాసు గొట్టాలకీ సాహిత్యానికీ సంబంధం ఏంటి? ఇది పేపర్ వాళ్ల పని’ అంటారు. 1992లో అమితవ్ ఘోష్ సరిగ్గా దీన్నే అడిగాడు. ప్రపంచాన్ని ఇంతగా మార్చిన చమురు మీద గట్టి నవలలు ఎందుకు లేవని, అబ్దుల్ రహ్మాన్ మునీఫ్ నవలల్ని సమీక్షిస్తూ ‘పెట్రోఫిక్షన్’ అనే మాట పుట్టించాడు. పాశర్లపూడి మంట ఆరిన 1995లోనే, నవంబరు 10న, నైజీరియా సైనిక ప్రభుత్వం కెన్ సారోవీవాని ఉరితీసింది. ఆయన నవలలు రాశాడు, టీవీ నాటకాలు రాశాడు, షెల్ కంపెనీ తన ఒగోనీ జనం నేలని ఏం చేసిందో అడిగాడు. మనకీ వాళ్లకీ పోలిక పెట్టను. ఇక్కడ కంపెనీ మనదే, రాస్తే ఉరితీసేవాడూ లేడు. అందుకే మన మౌనానికి సాకు ఇంకా తక్కువ.

కవితలు ఒకటీ అరా వచ్చే ఉంటాయి, కథలూ ఉండొచ్చు. కానీ ‘కోనసీమ సాహిత్యం’ అని మనం పెట్టే సభల్లో, వేసే సంకలనాల్లో, చేసే రీల్స్‌లో ఈ ఊసు రాదు. ఎందుకంటే కోనసీమ మనకి సెలవు. ఊపిరాడని నగరాల నుంచి పారిపోయి తలదాచుకునే పచ్చని ఊహ. ఆ ఊహలో పైప్‌లైన్ హెచ్చరిక బోర్డు ఉంటే మన సెలవు చెడుతుంది. ఊరి మీద ప్రేమ అని మనం అనుకునేదాంట్లో సగం టూరిజమే.

తాటిపాక రిఫైనరీలో రాత్రి షిఫ్టు దిగి సైకిలు మీద ఇంటికొచ్చేవాడి కథ ఎవరైనా రాయాలి. గొట్టం పట్టీ మీద చెట్టు నాటకూడదని నోటీసు అందుకున్న ముసలామె కథ రాయాలి. పరిహారం చెక్కు దగ్గర అన్నదమ్ములు విడిపోయిన కథ, కాంట్రాక్టు వెల్డరుగా చేరిన కుర్రాడి కథ, కాలనీ బళ్లో చదువుకున్న పిల్లకీ గేటు బయట చదువుకున్న పిల్లకీ మధ్య కథ. రాయాలంటే ముందు ‘తడి గ్యాసు’ అంటే ఏంటో తెలుసుకోవాలి. మన పాత రచయితలకి కాలవ లాకులు, కౌలు లెక్కలు, మగ్గం గుంట తెలుసు. తమ కాలపు పనిముట్లు తెలుసుకుని రాశారు. మన కాలపు పనిముట్టు నేల కింద ఉంది.

కథలు రాసేలోపు అడగాల్సినవి మూడున్నాయి, ఇవి రచయితలే కాదు ఎవరైనా అడగొచ్చు. ఒకటి, గొట్టం వెళ్లే ప్రతి ఊరి పంచాయతీ గోడ మీద దాని పటం తెలుగులో ఉండాలి. ఏ కంపెనీది, ఏ ఏడు వేశారు, లోపల ఏముంది, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, లీకైతే ఏ నంబరు. రెండు, ప్రమాదం జరిగితే కంపెనీని నడిపే మంత్రిత్వ శాఖే విచారణ చేసుకోకూడదు. విచారణ నివేదిక ఆ ఊరి గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. మూడు, బావి ఎవరిదైనా, గొట్టం ఎవరిదైనా, కాంట్రాక్టు ఎవరిదైనా, ఊరికి జవాబుదారు ఒక్కరే ఉండాలి. ఆ పేరు ముందే చెప్పాలి, మంట లేచాక వెతుక్కోవడం కాదు.

ఇవేవీ విప్లవం కాదు. పంచాయతీ గోడకి ఒక డబ్బా పెయింటు చాలు. ఆ పాటి కూడా ఇన్నేళ్లలో జరగలేదంటే ఖర్చు ఎక్కువై కాదు. గోడ మీద రాస్తే జనం చదువుతారు, చదివితే అడుగుతారు.